ఆందోళన ఒక్కదానిది కాదు

మా వాడల ఆడోళ్ళ జబ్బుకు ఎవరూ సరైన పేరు పెట్టలేదు. గద్వాల పత్తి విత్తనాల చేన్లలో, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో ఏ అక్కనడిగినా 'గుండె దడదడంటది, నిద్ర పట్టదు, కాళ్ళు చేతులు గుంజుతయి' అంటది. మంత్రగాడు గాలి సోకిందంటాడు. ఆరెంపీ గ్లూకోజు సీసా ఎక్కించి కూలి పైసలు గుంజుకుంటాడు. మొగుడు వలసపోయి, అప్పు కిస్తు తల మీదుండి, చేన్ల కాడ అంటు మాటలు పడ్డ మనిషికి గుండెదడ రాక ఏమొస్తది?

దాని పేరు ఆందోళన. మన భాషలో పోరాటానికీ అదే పేరు. ఒంటరిగా మోస్తే జబ్బు, గుంపుగా మోస్తే బలం.

'గాలి పీల్చుకుంటే కూలి పెరుగుతదా?' అని మన కార్యకర్తలే ఎకసక్కెం చేస్తారు. పెరగదు. కాని రాత్రంతా కన్నంటని అక్క తెల్లారి మీటింగుకు ఎట్లొస్తది? 1942 జూలై 20న నాగపూర్ మహిళా సమ్మేళనంలో బాబాసాహెబ్, ఆడోళ్ళు ఎంత ముందుకొచ్చారన్నదే జాతి ప్రగతికి కొలత అన్నాడు. నిద్రలేని కండ్లు కూడా ఆ కొలతలోకి రావాలె.

ఇది పెద్ద చదువులోళ్ళకే చేతనయ్యే పని కాదు. జింబాబ్వే దేశం హరారే పట్టణంలో 2006లో డాక్టర్ డిక్సన్ చిబాండా ముసలవ్వలకే తర్ఫీదిచ్చి, బెంచీ మీద కూర్చొని జనం బాధ వినమన్నాడు. దానివల్ల ఆందోళన, దిగులు తగ్గాయని 2016లో పరిశోధన తేల్చింది. అక్కడే ఆడోళ్ళు గుండ్రంగా కూర్చొని సంచులల్లుతూ కష్టం చెప్పుకునే గుంపులు పుట్టాయి. మన పాలమూరులో 1990లలో మహిళా సమత సంఘాల్లో కూడిన దళిత అక్కలకు ఇట్లా కూర్చునుడు కొత్తేం కాదు.

వారానికోసారి, బువ్వ తిన్నాక కూడండి. కండ్లు మూస్తే భయమైతే తెరిచే ఉంచండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. పిడికిళ్ళు ఐదు లెక్కల దాకా బిగించి వదిలేయండి. అట్లనే భుజాలు, దవడ, పొట్ట, కాళ్ళు. అమెరికా డాక్టర్ ఎడ్మండ్ జాకబ్సన్ ఒళ్ళు బిగించి వదిలే ఈ పద్ధతి మీద 1929లోనే పుస్తకం రాశాడు. పావుగంట చాలు. ఆ పావుగంట మొగోళ్ళు పిల్లల్ని చూసుకోవాలె. తర్వాత తలా రెండు మాటలు చెప్పుకోండి. చెప్పింది సంఘం దాటొద్దు.

గుండెనొప్పి చేతికి పాకితే, ఆయాసమొస్తే దవాఖానకు ఉరకాలె. చావాలనిపిస్తే 14416కు ఫోన్ చేయాలె, పైసలు పడవు. సర్కారు దవాఖానల్లో మనసు జబ్బుకు వైద్యం 2017 చట్టం ఇచ్చిన హక్కు. ఆ డాక్టరు కోసం అర్జీ రాయండి. గాలి పీల్చి వదిలిన ఆ గుంపులోనే, కూలి సంగతీ కిస్తు సంగతీ తేల్చే మాట కూడా మొదలు పెట్టండి.