చూద్దాంలే అత్తయ్యా!

దీపావళి పిండివంటల జిడ్డు ఇంకా మూకుడుకి వదలనేలేదు, అప్పుడే మా ఇంట్లో ఇంకో హడావుడి మొదలైంది. డిసెంబరు మొదటివారంలో మేమంతా లాంచీలో పాపికొండలు వెళ్తున్నాం. "ఓస్, ఇంతేనా" అనుకుంటున్నారు కదూ! ఈ "ఇంతే"కి మాకు ఏడేళ్ళు పట్టిందండీ.

అసలు కథ మా ఎదురింటి వదినగారితో మొదలైంది. 2022లో విశాఖపట్నం నుంచి చెన్నైకి పెద్ద ఓడ నడిపినప్పుడు వాళ్ళ అల్లుడు వీళ్ళిద్దర్నీ తీసుకెళ్ళాడు. ఆ ఫొటోలు ఆవిడ ఇప్పటికీ ఎవరొచ్చినా చూపిస్తుంది. ఓడలోనే హోటలు, ఓడలోనే ఈతకొలను! మొన్న మా చిన్నాడు ఆ ఫొటోలు చూసొచ్చి "అమ్మా, మనమూ క్రూయిజ్ వెళ్దామే" అన్నాడు. మావారు పేపరు కిందికి దించకుండానే "మన క్రూయిజ్ గోదాట్లోనే రా" అన్నారు.

అంతే, వంటింట్లో కూర తరుగుతున్న మా అత్తయ్యగారి చేతిలో కత్తిపీట ఆగిపోయింది. "ఏరా, నిజంగానే అంటున్నావా?" అన్నారు. ఆ గొంతు విని నాకు గుండె కలుక్కుమంది. ఎందుకో చెప్తాను.

మా అత్తయ్యగారిది దేవీపట్నం దగ్గర ఒక చిన్న ఊరు. గోదారి ఒడ్డునే పుట్టింటి అరుగు. పెళ్ళయి మా తాడేపల్లిగూడెం వచ్చేదాకా ఆవిడ నీళ్ళు మోసిందీ, బట్టలుతికిందీ, ఈత నేర్చిందీ ఆ రేవులోనే. 2018లో ఒకరోజు "అమ్మాయ్, ఒక్కసారి లాంచీ ఎక్కి మా ఊరి ముందునుంచి పాపికొండలదాకా వెళ్ళొద్దామా? ఒడ్డు మీదనుంచి చూడ్డమే గాని, నీళ్ళమీదనుంచి మా ఇల్లెలా కనిపిస్తుందో చూసి ఎన్నేళ్ళయిందో" అని అడిగారు. అప్పుడు మా పెద్దమ్మాయి పదో తరగతి. ట్యూషన్లు, పరీక్షలు. "చూద్దాంలే అత్తయ్యా, దీని పరీక్షలు అవ్వనివ్వండి" అన్నాను.

పరీక్షలయ్యాయి. ఎండలన్నాం. ఎండలయ్యాక వానలన్నాం. ఇంతలో 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగిపోయింది. గోదారి వరద మీద ఉన్న రోజది. టీవీ ముందు కూర్చుని ఏడవని ఆడది మన జిల్లాల్లో లేదు. ఆ బోటుని అక్టోబరు 22న గాని బయటికి తియ్యలేకపోయారు. ఆ నెలరోజులూ మా ఇంట్లో గోదారి పేరెత్తితే ఒట్టు. ఆ తర్వాత కరోనా. కరోనా సర్దుకునేసరికి పోలవరం పనుల్లో ఎగువ కాఫర్ డ్యామ్ కట్టడంతో 2021లో వరద నీళ్ళు వెనక్కి తన్నాయి. దేవీపట్నం వైపు ఊళ్ళు ఒక్కొక్కటే ఖాళీ అయిపోయాయి. అత్తయ్యగారి తమ్ముడు, అంటే నాకు బాబాయిగారి వరస, ఇల్లు వదిలి గోకవరం వైపు కట్టిన పునరావాస కాలనీకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆ అరుగూ లేదు, ఆ రేవూ లేదు. నేను "చూద్దాంలే" అన్న రోజున మాత్రం రెండూ ఉన్నాయి.

ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను ఒక్క మాటైనా అనలేదండీ. అనేస్తే నా మనసు తేలికపడేదేమో! అందుకే మొన్న ఆవిడ గొంతు వినగానే "నిజంగానే వెళ్దాం అత్తయ్యా, నాదీ పూచీ" అనేశాను.

మావారికి అప్పుడు తెలిసొచ్చింది, మాట జారానని. రాత్రి మంచమెక్కాక మొదలెట్టారు. "అమ్మకి డెబ్భై నాలుగేళ్ళు, మోకాళ్ళు ఎలా ఉన్నాయో నీకు తెలీదా? ఏదన్నా అయితే? 2027లో పుష్కరాలు వస్తున్నాయిగా, అప్పుడు రాజమండ్రిలో స్నానం చేయించి తీసుకొద్దాం" అన్నారు. "ఏవండీ, అది కూడా 'చూద్దాంలే' లాంటిదే. అయినా వానాకాలం పుష్కరాలకీ, లాంచీకీ సంబంధమేమిటి? వరదొస్తే అసలు బోట్లే ఆపేస్తారు" అన్నాను. ఆయన దుప్పటి ముసుగుతన్నారు. మౌనం అర్ధాంగీకారం అన్నారు కదా!

భయం నాకు లేదనుకుంటున్నారా? ఆయనకంటే నాకే ఎక్కువ. కాకపోతే భయాన్ని పట్టుకుని ఇంట్లో కూర్చోకుండా, ఆ భయంతోనే అడగాల్సినవన్నీ అడిగాను. మీలో ఎవరైనా వెళ్ళేట్టుంటే పనికొస్తాయని రాస్తున్నాను, వంటల పేజీ వెనక దాచుకోండి.

మొదటిది రోజు ఎంచుకోవడం. వరదలు తగ్గి నీళ్ళు నిదానించాకే వెళ్ళాలి. నవంబరు నుంచి ఫిబ్రవరిదాకా మంచి కాలం. కార్తీకమాసం ఆదివారాలు మాత్రం వద్దు, రేవు నిండా జనమే. మేం మార్గశిరంలో మామూలు పనిదినం చూసుకున్నాం. నాలుగు రోజుల ముందునుంచి పైన వానలు, వరద కబుర్లు కనుక్కుంటాం. ఏమాత్రం తేడాగా ఉన్నా డబ్బు పోతే పోయింది, ప్రయాణం మానుకుంటాం. ఈ మాట మావారితో ముందే ఒప్పించుకున్నాను.

రెండోది లాంచీ సంగతి. టిక్కెట్లు తీసేటప్పుడు మొహమాటపడకండి. ఎంతమంది పడతారు, ఎంతమందిని ఎక్కిస్తారు, అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని అడగండి. చిన్నపిల్లలకి పెద్దవాళ్ళ జాకెట్ తొడిగితే నీళ్ళలో పైకి జారిపోతుంది, వాళ్ళ సైజుదే కావాలి. తాళ్ళన్నీ బిగించి కట్టుకుని దిగేదాకా విప్పకూడదు. ఉక్కగా ఉందని విప్పి ఒళ్ళో పెట్టుకుంటే ఎందుకండీ అది? చీర కట్టుకునేవాళ్ళు పైట పిన్ను పెట్టి, దాని మీద జాకెట్ వేసుకోవాలి. కొండలు రాగానే ఫొటోలకని అందరూ ఒకవైపే పరుగెత్తకూడదు, బోటు ఒరుగుతుంది. మూసేసిన కేబిన్లో మూల కూర్చోకుండా, లేచి బయటికి రాగలిగేచోటు చూసుకోవాలి. కచ్చులూరు తర్వాత రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టారు, అయినా మన జాగ్రత్త మనది.

మూడోది తిండి. లాంచీలో టిఫినూ, భోజనమూ పెడతారట. అయినా అత్తయ్యగారికి కారం పడదు కాబట్టి నా సంచీ నాకుండాల్సిందే. పులిహోరకి చింతపండు పులుసు ముందురోజు రాత్రే నూనె తేలేదాకా ఉడికించి పెట్టుకుంటాను. పెరుగన్నం పులవకుండా ఒక చిట్కా చెప్పనా? అన్నం మెత్తగా వండి, గోరువెచ్చని పాలు ఎక్కువగా పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి స్టీలు గిన్నెలో మూతపెట్టండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుని ఉంటుంది. ఉప్పు మాత్రం తినేటప్పుడే. వికారానికి అల్లం మురబ్బా, రెండు నిమ్మకాయలు. పిల్లలకి జంతికలు, సున్నుండలు. అత్తయ్యగారి బీపీ బిళ్ళలు పూటపూటకీ వేరే పొట్లాలు కట్టి, ఒక జత నా బ్యాగులో, ఒక జత మావారి జేబులో. ఖాళీ కవర్లు వేయడానికి ఒక గుడ్డ సంచీ, తల్లి గోదారి మీద పారేసి రాకూడదు కదా!

డబ్బు సంగతంటారా, కిందటేడాదినుంచి చీటీ పాట డబ్బులో మిగిల్చిన 9,000 రూపాయలున్నాయి. కుర్చీలకి కొత్త కవర్లు కొందామనుకున్నాను. పాత కవర్లకి కుట్లు వేశాను, ఇంకో ఏడాది నడుస్తాయి.

ఇక దారి. తెల్లవారుజామున రైల్లో రాజమండ్రి, అక్కణ్ణుంచి కారులో గండిపోచమ్మ గుడి దగ్గర రేవుకి. వరదకాలంలో ఆ అమ్మవారి గుడి కూడా మునుగుతుంది. నీళ్ళు తీసేశాక మళ్ళీ కడిగి పూజలు చేస్తారు. "ఊరు మునిగినా మా పోచమ్మ మళ్ళీ పైకొచ్చి కూర్చుంటుంది చూడు" అంటారు అత్తయ్యగారు. ఆవిడకి చీర, పసుపుకుంకుమలు, గాజులు అప్పుడే మడతపెట్టి ఉంచారు. అక్కడ లాంచీ ఎక్కితే పాపికొండల మధ్యనుంచి పేరంటాలపల్లిదాకా. జడ వేసేటప్పుడు తీసే పాపిడిలాగా కొండల మధ్యనుంచి గోదారి సన్నగా పోతుందని ఆ పేరు వచ్చిందని చెప్తారు. పేరంటాలపల్లిలో శివాలయం, ఆశ్రమం, కొండమీదనుంచి దిగే చల్లటి నీళ్ళు. కొండరెడ్లు చేసిన వెదురు బొమ్మలు అమ్ముతారు, పెద్దమ్మాయి ఒకటి తెమ్మంది. అది హైదరాబాదులో ఉద్యోగం, దానికీ సెలవు దొరికితే వస్తానంది. మెట్లున్నాయి కాబట్టి అత్తయ్యగారు రోజూ సాయంత్రం మా వీధి చివరిదాకా నడుస్తున్నారు. మొదటిరోజు రెండుసార్లు ఆగారు. ఇప్పుడు ఆగకుండా వెళ్ళొస్తున్నారు.

ఒక్క సందేహం నన్ను పీకుతూనే ఉండేది. మునిగిపోయిన ఊరిమీదుగా వెళ్తుంటే ఆవిడ తట్టుకోగలరా? నిన్న నూనె రాస్తూ ధైర్యం చేసి అడిగేశాను. "అత్తయ్యా, అక్కడ నీళ్ళు తప్ప ఏమీ కనిపించదేమో, బాధపడతారేమో" అన్నాను.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏడుస్తానేమో అమ్మాయ్. ఏడిస్తే ఏం? అమ్మ పోయినప్పుడూ వెళ్ళి చూశాం కదా, చూడకుండా ఉండలేదుగా" అన్నారు. ఆ తర్వాత ఆవిడే నవ్వి "మా తమ్ముడికి ఫోన్ చెయ్యి" అన్నారు.

బాబాయిగారు ఊరు వదిలినప్పటినుంచి గోదారి వైపు వెళ్ళలేదట. ఫోన్లో "నేను రానక్కా, నా వల్లకాదు" అన్నారు. ఆవిడ బతిమాలలేదు. "సరే, రేవుదాకా రా, నన్ను లాంచీ ఎక్కించు, చాలు" అన్నారు. అటువైపు కాసేపు ఏ మాటా లేదు. ఆఖరికి "రేవుదాకా అయితే వస్తానక్కా" అన్నారు. నేను మాత్రం ఆయనకీ కలిపే టిక్కెట్టు తీయిస్తున్నాను. ఎక్కితే ఎక్కుతారు, లేకపోతే లేదు. ఆ సీటు ఖాళీగా పోయినా నాకు బాధలేదు.

కేలండర్లో ఆ తేదీ చుట్టూ అత్తయ్యగారు కుంకుమతో సున్నా చుట్టారు. పొద్దున్న కాఫీ తాగుతూ ఒకసారి, రాత్రి పడుకోబోతూ ఒకసారి దాని ముందు నిలబడతారు. ప్రయాణంలో ఉండేది ఒక్కరోజే గాని, ఆవిడకి ఈ నెలరోజులూ ప్రయాణమే అనిపిస్తోంది నాకు. ఇంతటి సంబరాన్ని ఏడేళ్ళు వాయిదా వేశానే అని మళ్ళీ బాధ.

అందుకే ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో కూడా ఒక పెద్దావిడ ఎప్పుడో, ఎక్కడికో తీసుకెళ్ళమని అడిగే ఉంటుంది. పాపికొండలే కానక్కర్లేదు, పక్క ఊళ్ళో చిన్ననాటి స్నేహితురాలి ఇల్లయినా సరే. మీరూ నాలాగే "చూద్దాంలే" అనుంటారు. ఇవాళ వంట అయ్యాక ఆవిడ పక్కన కూర్చుని "ఎప్పుడు వెళ్దాం?" అని అడిగి చూడండి. కేలండరు, కుంకుమ దగ్గర పెట్టుకుని మరీ అడగండి.

వెళ్ళొచ్చాక కబుర్లన్నీ రాస్తాను. బాబాయిగారు లాంచీ ఎక్కారో లేదో కూడా. ఉంటానేం!