స్వస్థత పొందినవారి కృతజ్ఞతార్పణ ఎలా ఉండాలి?



డిశ్చార్జి కాగితం చేతికి అందగానే చాలా కుటుంబాలవారు మా నర్సింగ్ సిబ్బందిని ఒక మాట అడుగుతుంటారు. "సిస్టరుగారూ, ప్రభువు మా మనిషిని బతికించాడు. ఇంటికెళ్ళగానే కృతజ్ఞత కూడిక పెడతామని మొక్కుకున్నాం. ఎంతలో చేస్తే బాగుంటుందంటారు?" యలమంచిలి చుట్టుపక్కల పల్లెల్లో ఈ కూడిక అంటే షామియానా, మైకు, వచ్చినవారందరికీ భోజనాలు, దైవజనులకు బట్టలు, కానుక. ఇది మంచి ఆనవాయితీయే. అయితే అందుకోసం వడ్డీకి డబ్బు తెచ్చి, నెల తిరిగేసరికి మందులు కొనలేక మళ్ళీ మంచం పట్టేవారిని కూడా మేము చూస్తున్నాము. కాబట్టి అర్పణను గూర్చి వాక్యం ఏమి చెబుతోందో, దానిని బట్టి మా అభిప్రాయం ఏమిటో ఈ సంచికలో వ్రాస్తున్నాము.

లేవీయకాండము మొదటి ఏడు అధ్యాయాలలో ఐదు అర్పణలున్నాయి. అవి దహనబలి, నైవేద్యము, సమాధానబలి, పాపపరిహారార్థబలి, అపరాధపరిహారార్థబలి. అర్పణకు హెబ్రీ భాషలో ఉన్న మాట కొర్బాను. దగ్గరకు రావడం అనే అర్థమున్న మాట నుండి అది పుట్టింది. క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము దేవాలయాన్ని పడగొట్టడంతో అక్కడి బలులు ఆగిపోయాయి. అంతకు ముందే క్రీస్తు ఒక్కసారే తన్ను తాను అర్పించుకొని వాటిని నెరవేర్చాడని హెబ్రీ పత్రిక 9, 10 అధ్యాయాలు మనకు బోధిస్తున్నాయి. కనుక స్వస్థతకు మనం వెల కట్టి చెల్లించేదేమీ లేదు. మనం ఇచ్చేది కృతజ్ఞత మాత్రమే. అయినా ఆ పాత నియమాలు చదివితే అర్పణ విషయంలో దేవుని మనసు తెలుస్తుంది.

మొదటిది, దేవుడు ఇంటి స్థితిని చూసి అడిగాడు. లేవీయకాండము 5వ అధ్యాయంలో గొర్రెపిల్లను తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు. అవి కూడా తేలేనివాడు సుమారు రెండు లీటర్ల గోధుమపిండి తెస్తే చాలు. దాని మీద నూనె, సాంబ్రాణి కూడా అక్కరలేదు. 12వ అధ్యాయంలో బాలింతకు కూడా ఇటువంటి సడలింపే ఉంది. ప్రభువు తల్లియైన మరియ తెచ్చింది ఆ పేదల అర్పణే అని లూకా 2వ అధ్యాయం చెబుతోంది. రక్షకుని కన్న తల్లికి రెండు పక్షులు సరిపోతే, మన ఇంట్లో అప్పు చేసి యాటను కోయాలని ఎవరు నిర్ణయించారు? మన అమ్మలు వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి ప్రభువు కోసం పక్కన పెట్టే అలవాటు ఈ నియమానికి దగ్గరగా ఉంది. ఆ పిడికెడు ఏ ఇంటినీ అప్పులపాలు చేయలేదు.

రెండవది, పరీక్ష ముందు, అర్పణ తరువాత. లేవీయకాండము 13, 14 అధ్యాయాలు మాకు చాలా ఇష్టం. అక్కడ కుష్ఠు అన్న మాట ఒక్క రోగానికే కాక, అనేక చర్మవ్యాధులకు వాడారు. యాజకుడు రోగిని ఏడు దినాలు ప్రత్యేకంగా ఉంచి చూసేవాడు. అనుమానముంటే మరో ఏడు దినాలు ఉంచేవాడు. బాగైందని పరీక్షించి తేల్చిన తరువాతనే అర్పణ. ప్రభువు కూడా తాను బాగుచేసిన కుష్ఠరోగిని యాజకునికి కనబడి, మోషే విధించిన కానుక అర్పించమని పంపాడు (మార్కు 1వ అధ్యాయం). కూడికలో సాక్ష్యం చెప్పాము గనుక ఇక మాత్రలు మింగితే అవిశ్వాసమని కొందరు అనుకుంటారు. అది వాక్యం నేర్పిన పద్ధతి కాదు. సాధారణ టీబీకి ఆరు నెలలు మందులు వాడాలి. దగ్గు తగ్గిందని రెండో నెలలో మానేస్తే రోగం తిరగబడి, మందులకు లొంగని టీబీగా మారవచ్చు. బీపీ, షుగరు మాత్రలు కూడా డాక్టరుగారు చెప్పకుండా ఆపవద్దు.

మూడవది, బాకీ తీర్చడం కూడా ఆరాధనే. ఒకరి సొమ్ము అన్యాయంగా ఉంచుకున్నవాడు అసలుతో పాటు అందులో అయిదవవంతు కలిపి తిరిగి ఇవ్వాలని అపరాధపరిహారార్థబలి నియమంలో ఉంది. మనిషి లెక్క సరిచేయకుండా బలిపీఠం దగ్గర పని జరగదు. అర్ధరాత్రి ఆసుపత్రికి తీసుకొచ్చిన ఆటో అబ్బాయి, చెవి దుద్దులు తాకట్టు పెట్టి డబ్బిచ్చిన ఆడపడుచు ఇంకా ఎదురుచూస్తూ ఉండగా విందు పెట్టడం ప్రభువుకు సంతోషమా?

నాల్గవది, కృతజ్ఞత పంచుకోవాలి. కృతజ్ఞతగా అర్పించిన సమాధానబలి మాంసం ఆ రోజే తినాలి, తెల్లారేదాకా ఉంచకూడదు. ఒక్క ఇల్లు ఒక పశువును ఒక్క పూటలో తినలేదు కదా! నలుగురిని పిలవక తప్పదు. అందుకే మా మనవి: మీ కృతజ్ఞతలో కొంత, ఇంకా మంచం మీద ఉన్నవారికి చేరనివ్వండి. వార్డులో పలకరించేవారు లేని ముసలమ్మకు ఒక పూట గంజి పోయండి. ఇంట్లో ఆరోగ్యవంతులుంటే రక్తదానం చేయండి. ప్రాణం రక్తంలో ఉన్నదని లేవీయకాండము 17వ అధ్యాయం చెబుతోంది. పాపక్షమాపణకు క్రీస్తు రక్తం ఒక్కటే చాలు. మన రక్తం మాత్రం కాన్పులో రక్తస్రావమైన ఒక తల్లిని బతికించగలదు. 18 ఏళ్ళు నిండి, బరువు 45 కిలోలకు, హిమోగ్లోబిన్ 12.5కు తగ్గకుండా ఉన్నవారు వైద్య పరీక్ష తరువాత ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు.

వెల ఇవ్వకుండా దేవునికి బలి అర్పించనని దావీదు అన్నాడు కదా అని కొందరు అడుగుతారు. నిజమే. కానీ దావీదు తన సొమ్ము ఇచ్చాడు. తల్లిదండ్రులకు పెట్టవలసినదాన్ని కొర్బాను అని చెప్పి తప్పించుకున్నవారిని ప్రభువు గద్దించాడు (మార్కు 7వ అధ్యాయం). తండ్రి మందుల డబ్బు, పిల్లల ఫీజు డబ్బు తెచ్చి కానుకల పెట్టెలో వేస్తే, వెల చెల్లించేది మనం కాదు, వారు.

కూడిక మానమని మేము చెప్పడం లేదు. చాపలు పరచి, నాలుగు పాటలు పాడి, టీ ఇచ్చినా అది కృతజ్ఞత కూడికే. ముందు మందులు, తరువాత బాకీలు, ఆ పైన సంతోషంగా చేతనైనంత. సంఘ పెద్దలు, పాస్టరుగార్లు ఈ మాట బల్ల మీద నుండి ఒక్కసారి చెబితే, మేము పడక దగ్గర పదిసార్లు చెప్పినదానికంటె ఎక్కువ మేలు జరుగుతుంది.

ప్రభువు మీకును మీ ఇంటివారికిని ఆరోగ్యము దయచేయును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్