చీర చెప్పదు, రవికె చెబుతుంది

మొన్న మాఘమాసంలో ధర్మవరంలో ఒక పెళ్ళి చూసుకుని రైల్లో హిందూపురం వస్తున్నాను. ఎదురు బల్ల మీద ఒకావిడ, నాకు వదిన వరస. పెళ్ళయి ఇరవైరెండేళ్ళయింది. అన్నయ్య ముందురోజే బండి మీద వెళ్ళిపోయారు. రైలెక్కితే నోరు మూయని మనిషి, ఒళ్ళో సంచీ పెట్టుకుని కిటికీ లోంచి చూస్తూ కూచుంది.

"ఏం వదినా, పెళ్ళి అలసటా?" అన్నాను.

"అలసట కాదులే" అంటూ సంచీలోంచి ఒక రవికె తీసింది. తన పెళ్ళినాటిది. ధర్మవరం పట్టుచీరా, దాని మీదికి ఈ రవికే. ఈ పెళ్ళిలో మళ్ళీ కట్టుకోవాలని సరదా పడిందిట. చీరకేం, అయిదున్నర మీటర్లు. పదహారేళ్ళ పిల్లకైనా అరవయ్యేళ్ళ అవ్వకైనా ఒకటే మర్యాద చేస్తుంది. రెండు కుచ్చెళ్ళు తగ్గితే ఎవరికి తెలుస్తుంది? రవికె అలా కాదు. కొక్కెం దగ్గర నిజం చెప్పేస్తుంది. వేరే రవికె తొడుక్కుని బయటికి వస్తే, పదిమంది చుట్టాల్లో అన్నయ్య, "ఈవిడకి ఇక రెండు చీరలు కలిపి నేయించాలి" అన్నారట. అందరూ నవ్వారు. తనూ నవ్విందిట.

"ఇది మొదటిసారి కాదు. నిరుడు ఎండాకాలం ఇలాగే ఏదో అన్నారు. ఆ రాత్రి నుంచీ పిల్లల గదిలో పడుకుంటున్నా. ఎందుకని రెండుసార్లు అడిగారు. ఉక్కపోత అన్నాను. తరవాత అడగడం మానేశారు."

ఎండాకాలం పోయి మాఘం వచ్చింది. చలిలోనూ అదే గది! ఆయనకి నామీద మోజు పోయిందని ఈవిడ ఏడుపు. తనంటేనే విసుగెత్తిందని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. అడిగిన వారు లేరు, చెప్పిన వారు లేరు.

మా తెలుగు పంతుళ్ళది కూడా ఇందులో కాస్త పాపం ఉంది. ప్రబంధ నాయికలకు వయసు రాదు, ఒళ్ళు రాదు. ఆ వర్ణనలే ఏటేటా పాఠం చెబుతాం. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరులో ముద్దుపళని మాత్రం 'రాధికా సాంత్వనము'లో, తాను పెంచిన ఇళను కృష్ణుడికి కట్టబెట్టి ఆపైన అసూయతో వేగిపోయే రాధను చూపింది. ఆ రాధను కృష్ణుడే వచ్చి బతిమాలుకుంటాడు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని అచ్చు వేయిస్తే ఆనాటి ప్రభుత్వం నిషేధించింది. పెద్దదాని కోరికంటే మనకు అంత భయం!

ఇక మగవారి పొట్ట సంగతి. అది కనబడితే "ఇంట్లో వంట బాగున్నట్టుంది" అని మెచ్చుకోలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో బరువు ఎక్కువున్న ఆడవాళ్ళు నూటికి 36 మంది అయితే, మగవాళ్ళూ 31 మంది ఉన్నారు. నడుం కొలత ఆడవారికి 80, మగవారికి 90 సెంటీమీటర్లు దాటకూడదని వైద్యులు అంటారు. ఒళ్ళు పెరిగితే చక్కెర జబ్బు, గురకలో ఊపిరి ఆగి ఆగి రావడం వంటివి పట్టుకుంటాయి. అవి మగవారి కోరికనూ, శక్తినీ కూడా తగ్గిస్తాయి. ఆడవారిలో థైరాయిడ్ మందగించినా అంతే, ఒళ్ళు పెరిగి ఉత్సాహం తగ్గుతుంది. కాబట్టి పెళ్ళాం నడుం కేసి చూసే ముందు ఆయనగారు ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే తప్పులేదు.

ఆకర్షణకు కళ్ళు లేవని మాత్రం నేను బొంకను. మునుపటిలా మనసు లాగడం లేదని ఒక భర్తకు అనిపించవచ్చు, భార్యకూ అనిపించవచ్చు. అది నేరం కాదు. కాని ఆ మాటకు చోటు పెళ్ళి పందిరి కాదు.

పెనుకొండ దగ్గర రైలు నెమ్మదించింది. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక విజయనగర రాజులు వచ్చి తలదాచుకున్న ఊరు. "పెళ్ళయిన కొత్తలో ఈ కొండ ఎక్కాం. దారిలో నా చెప్పు తెగితే ఆయన చెప్పులు నాకిచ్చి, వట్టికాళ్ళతో దిగారు" అంది వదిన.

"మరి అన్నయ్య పొట్ట నీకు రోతగా లేదూ?"

నవ్వేసింది. "అయ్యో, దాని మీద చెయ్యి వేసుకోకపోతే నాకు నిద్రే పట్టేది కాదు!" అని, ఆ మాట పైకి అనేసినందుకు కాబోలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ ముక్క ఆయనకెప్పుడైనా చెప్పావా?"

జవాబు లేదు. నేను రవికె తిరగేసి చూశాను. రెండు పక్కలా కుట్టు లోపల రెండేసి వేళ్ళ గుడ్డ మడిచి ఉంది. కుట్టిన దర్జీ ఎవరో గాని, పిల్లకు ముందు ముందు ఒళ్ళు వస్తుందని పెళ్ళినాడే లెక్క వేసుకున్నాడు. ఆవిడ ఆ మడత మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూచుంది.

హిందూపురం వచ్చింది. బయట అన్నయ్య స్కూటరు పక్కన నిలబడి ఉన్నారు. వదిన శాలువా భుజం మీదికి లాక్కుంటూ నా చెవిలో అంది:

"ఇప్పుడు ఉక్కపోతంటే నమ్మరు కదూ?"