పులికి లెక్క గలదు, అలుగునకో?

పులి మన జాతీయమృగము. 1973వ సంవత్సరమున దాని రక్షణకై ప్రత్యేక ప్రణాళిక యేర్పడెను. 2006లో 1,411గా అంచనా వేయబడిన పులులు 2022 నాటి గణనమున 3,682కు చేరినవి. ఇది శ్లాఘనీయము, దీనిని తక్కువచేయుట మా యుద్దేశము గాదు.

కాని అదే యడవిలో పుట్టలు త్రవ్వి చీమలను, చెదలను దిని బ్రదుకు అలుగు మాట యేమి? దానికి దంతములు లేవు, గర్జన లేదు. ఈతకు సాధారణముగ నొక్క పిల్లయే. ఆపద వచ్చిన బంతివలె చుట్టుకొని పొలుసులలో దాగును. ఆ కవచము క్రూరమృగముల కోరలకు లొంగదు గాని, మనుష్యుడు దానిని కాయవలె నెత్తి సంచిలో వేసికొనును! మన గోళ్లయందలి పదార్థమే యైన ఆ పొలుసులలో ఔషధగుణము గలదను భ్రమచే, ప్రపంచమున మిక్కిలిగ దొంగరవాణా కగుచున్న క్షీరదములలో నిది ముందు వరుసనున్నది.

లోపము చట్టమున లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున రెండును మొదటి షెడ్యూలులోనివే. వేటాడినవానికి 3 ఏండ్లకు దక్కువగాక 7 ఏండ్లవరకు కారాగారము. చట్టము సమానము, శ్రద్ధయే యసమానము. పులికి ప్రత్యేకాధికార సంస్థయు, రక్షితారణ్యములును గలవు. దేశమున అలుగు లెన్ని గలవో చెప్పగల నమ్మకమైన అంకె యైనను లేదు.

లెక్క యెంత ముఖ్యమో సరిస్కా చెప్పును. ఆ రాజస్థానపు టడవిలో పులి యొక్కటియు మిగుల లేదని 2005లో తెలిసినప్పుడు దేశమెల్ల కలవరపడెను. 2008లో రణథంభోరునుండి పులులను గొనిపోయి యచ్చట విడిచిరి. లెక్కలోని జంతువు గనుక దాని లేమి తెలిసెను. మన నల్లమలలో రేపు కడపటి అలుగు పోయిన నెవరికి దెలియును?

పులిని గాచిన నడవి నిలుచును, అడవితో అలుగును నిలుచునని కొందరందురు. ఇది సగమే నిజము. అలుగు పులుల యడవులలోనే గాదు, కావలి లేని గుట్టలలోను, తుప్పలలోను, చేలగట్లయందును నివసించును. అచ్చట దానికి దిక్కెవ్వరు?

కావున ప్రభుత్వములు అలుగును గణింపవలెను; పేద వేటకానితో నాగక, అతనివెనుక నున్న వర్తకుని బోనెక్కింపవలెను. పాఠకులారా! అలుగు పొలుసు మందనియు, తాయెత్తనియు నెవరేని మీ యూర నమ్మజూపిన కొనకుడు. అటవీశాఖకు వెంటనే తెలుపుడు. కొనువాడు లేనినాడు చంపువాడును ఉండడు.