విరేచనాలు తగ్గాయి... అమీబా పోయిందా?

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. ఉద్యోగరీత్యా హాస్టల్లో ఉంటున్నాడు. ఏడాదిలో మూడుసార్లు జిగట విరేచనాలయ్యాయి. పరీక్ష చేసి అమీబా అన్నారు. మెట్రోనిడజోల్ మాత్రలు వేసుకుంటే మూడు రోజుల్లో తగ్గుతుంది. వెంటనే మానేస్తాడు. కొన్నాళ్లకు మళ్లీ మొదలు. ఇంతకంటే బలమైన మందు లేదా?
- ఓ పాఠకురాలు

జవాబు: మీ అబ్బాయికి కావలసింది బలమైన మందు కాదు, పూర్తి వైద్యం. అమీబాకు రెండు రూపాలుంటాయి. కదిలే రూపం పేగు గోడను తొలిచి పుండ్లు చేస్తుంది. రక్తం, జిగురు పడేది దానివల్లే. రెండోది గట్టి పొర కట్టుకున్న సిస్టు. మెట్రోనిడజోల్ చిన్నపేగులోనే దాదాపు మొత్తం రక్తంలోకి చేరిపోతుంది. పేగు గోడలో, కాలేయంలో ఉన్న అమీబాను బాగా చంపుతుంది. పెద్దపేగు లోపల మలంలో ఉన్నవాటికి మాత్రం అంతగా అందదు. ఈ మందు వాడిన నూరు మందిలో 40 నుంచి 60 మంది వరకు పేగులో ఈ క్రిమి మిగిలే ఉంటుంది. మూడు రోజులకే మానేస్తే ఇక చెప్పేదేముంది!

అందుకే మెట్రోనిడజోల్ పూర్తికాలం వాడాక, పేగు లోపల పనిచేసే డైలోక్సనైడ్ ఫ్యూరోయేట్ వంటి మందు సాధారణంగా పది రోజులు ఇస్తారు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే నాలుగు మాత్రల్లో ఈ రెండో మందు ఊసే ఉండదు.

మాత్రలు మానేయడానికి కారణం తరచూ నోట్లో లోహపు రుచి, వికారం. భోజనం తర్వాత వేసుకుంటే కొంత నయం. మూత్రం ముదురు రంగులో వచ్చినా కంగారుపడక్కర్లేదు. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కితే మాత్రం డాక్టరుకు చెప్పాలి. మాత్రలు వాడినన్నాళ్లూ, ఆపాక మరో మూడు రోజులూ మద్యం ముట్టకూడదు. వాంతులు, గుండెదడ రావచ్చు. మీ అబ్బాయికి అలవాటుందో లేదో మీరు రాయలేదు, డాక్టరు దగ్గర మాత్రం దాచవద్దని చెప్పండి.

మరో మాట. మైక్రోస్కోపులో అచ్చం ఇలాగే కనిపించే ఎంటమీబా డిస్పార్ అనే క్రిమి ఉంది. దానివల్ల హాని లేదు. రక్త విరేచనాలకు బ్యాక్టీరియా కూడా కారణం కావచ్చు. మూడుసార్లు తిరగబెట్టింది కాబట్టి ఈసారి మలంలో యాంటిజెన్ పరీక్ష చేయించడం మంచిది. హాస్టల్ నీళ్లలో కలిపే మామూలు మోతాదు క్లోరిన్‌కు సిస్టులు చావవు. కాచి చల్లార్చినవే తాగాలి.

నిర్లక్ష్యం చేస్తే అమీబా కాలేయానికి పాకి చీము గడ్డ కట్టవచ్చు. ఇది వయసులో ఉన్న మగవారిలోనే ఎక్కువ. అప్పటికి విరేచనాలు ఉండకపోవచ్చు కూడా. చలిజ్వరం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఒక్కోసారి కుడి భుజంలో నొప్పి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి అల్ట్రాసౌండ్ చేయించాలి.