‘అమూల్యం’ అనే మోసం

స్నేహానికి వెల కట్టలేం అని ఎవరైనా అనగానే నాకు కాస్త భయం వేస్తుంది. సాధారణంగా ఆ మాట తర్వాత ఏదో ఒకటి ఉచితంగా అడుగుతారు. నా గొడవంతా ఆ మాటతోనే. ఒక గుర్రప్పిల్లల కార్టూన్‌తో మొదలుపెట్టి పాలకుర్తి దాకా వెళ్తాను. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని ఇప్పుడే అడక్కండి, దార్లో తెలుస్తుంది.

‘మై లిటిల్ పోనీ: ఫ్రెండ్‌షిప్ ఈజ్ మ్యాజిక్’ 2010లో మొదలై 2019 దాకా తొమ్మిది సీజన్లు నడిచింది. చిన్న ఆడపిల్లల బొమ్మల వ్యాపారం చుట్టూ అల్లిన కార్టూన్. తీరా చూస్తే పెద్దవాళ్ళు, ముఖ్యంగా కుర్రాళ్ళు, దానికి వీరాభిమానులై ‘బ్రోనీ’లని తమకో పేరు కూడా పెట్టుకున్నారు. నాలుగో సీజన్‌లో, 2014 ఏప్రిల్ 19న వచ్చిన ఎపిసోడ్ ‘ట్రేడ్ యా!’. అదొక సంత కథ. అక్కడ డబ్బు చెల్లదు, అంతా వస్తుమార్పిడే. రెయిన్‌బో డాష్ అనే గుర్రప్పిల్లకి ఒక పుస్తకం మొదటి ముద్రణ కావాలి. పుస్తకం ఉన్నామెకి రెండు తలల కుక్క కావాలి. ఆ కుక్క ఉన్నవాడికి ఇంకోటి కావాలి. ఇలా ఒకదాని కోసం ఇంకోటి మార్చుకుంటూ పోతే ఎలాగో కుక్క దొరుకుతుంది. అది మాట వినే రకం కాదు. డాష్ పక్కనున్న స్నేహితురాలు ఫ్లటర్‌షై దాన్ని అదుపులో పెడుతుంది. పుస్తకం ఆమె వెంటనే, కుక్కతో పాటు ఫ్లటర్‌షై కూడా మా ఊరొచ్చి శిక్షణ ఇస్తానంటే సరే అంటుంది. డాష్ ఠక్కున ఒప్పేసుకుంటుంది.

అంటే పుస్తకం కోసం ఫ్రెండ్‌ని ఇచ్చేసింది. తర్వాత తప్పు తెలిసి ఏడుస్తుంది. పంచాయితీ రాకుమారి ట్వైలైట్ దగ్గరికి వెళ్తుంది. స్నేహితురాలి విలువకి ఏ వస్తువూ సరితూగదు కాబట్టి ఈ మార్పిడి న్యాయం కాదు, రద్దు. అందరూ నవ్వుకుంటూ ఇంటికెళ్ళిపోతారు.

దీని మీద అభిమానుల వాదనలు ఎప్పుడు చూసినా రెండు పక్షాలే. డాష్ ఇంత స్వార్థపరురాలా, రచయితలు పాత్రని చెడగొట్టారు అని ఒక పక్షం. అబ్బే, ఆవేశంలో చేసింది, చివరికి దిద్దుకుంది కదా, నీతి బాగుంది అని రెండో పక్షం. రెండు పక్షాలూ మాట్లాడేది డాష్ గురించే. డాష్ మంచిదా, చెడ్డదా, మారిందా, మారలేదా? మధ్యలో చేతులు మారిన మనిషి ఫ్లటర్‌షై. ఆమెని ఎవరూ అడగలేదన్నది వీళ్ళ చర్చలో పక్కకు జరిగిపోయింది. తీర్పులోనూ అదే జరిగింది. రాకుమారి చెప్పిన కారణం ‘ధర చాలలేదు’ అన్నదే. ఇంకో మాటలో చెప్పాలంటే, తక్కెడలో ఒక వైపు మనిషిని పెట్టడంలో తప్పు లేదు, రెండో వైపు పెట్టడానికి సరిపడా వస్తువు దొరకలేదు, అంతే.

పిల్లల కార్టూన్‌కి ఇంత విచారణా అంటారని తెలుసు. పెద్దల కావ్యాల్లో ఈ పని మనం ఎప్పట్నుంచో చేస్తున్నాం, అందుకే అడుగుతున్నా. హరిశ్చంద్రుడు కాశీలో చంద్రమతిని అమ్మాడు. మనం సత్యవాక్పరిపాలన అని మురిసిపోయాం. ధర్మరాజు ద్రౌపదిని పందెంలో ఒడ్డాడు. ఆ సభలో ధర గురించి కాకుండా హక్కు గురించి అడిగింది ఆమె. ముందే తనని తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే అధికారం ఎక్కడిదని. పెద్దలు నీళ్ళు నమిలారు. శ్రీకృష్ణ తులాభారం సంగతి సరే సరి. 1966 సినిమాలో జమున సత్యభామగా భర్తని నారదుడికి దానం ఇచ్చేసి, మళ్ళీ తూకానికి కొనుక్కోవాల్సి వస్తుంది. నగలన్నీ వేసినా సరిపోవు, రుక్మిణి వేసిన తులసిదళం సరిపోతుంది. మనం చప్పట్లు కొట్టేది బంగారం ఓడి భక్తి గెలిచినందుకు. అసలు భర్తని దానమివ్వడమేంటి అన్న ప్రశ్న తులసిదళం కింద పడిపోతుంది. రాకుమారి ట్వైలైట్ తీర్పు మనకి కొత్తేం కాదు, తులాభారమే.

ఈ నీతిని తెలుగులో ఒక్క మాటలో చెప్పొచ్చు. అమూల్యం. వెల కట్టలేనిది. కానీ కొంచెం చెడ్డ చెవితో వింటే ఇంకో అర్థం వినిపిస్తుంది. వెల కట్టనిది. ఈ రెండో అర్థం నిఘంటువులో ఉండకపోవచ్చు. పాలకుర్తి చరిత్రలో మాత్రం ఉంది.

ఇప్పుడు జనగామ జిల్లాలో, మొన్నమొన్నటి దాకా వరంగల్‌లో ఉన్న పాలకుర్తి చాకలి ఐలమ్మ ఊరు. నిజాం రాజ్యంలో ఆ చుట్టుపక్కల నడిచిన వ్యవస్థ పేరు వెట్టి. దొర ఇంటి బట్టలు చాకలి ఉతకాలి, కుండలు కుమ్మరి ఇవ్వాలి, కల్లు గౌండ్ల ఇవ్వాలి, చెప్పులు మాదిగ కుట్టివ్వాలి. చాలా చోట్ల దీనికి ధర అంటూ లేదు. కల్లం దగ్గర నాలుగు గింజలు కొలిస్తే అది దొర దయ. అప్పు తీర్చలేక మనిషే పనికి కుదురుకునే భగేలా పద్ధతి ఒకటి. పెళ్ళికి తెచ్చిన అప్పుకి తండ్రి, తండ్రి తర్వాత కొడుకు గడీలో పశువుల వెనక తిరిగేవాళ్ళు. ఇక ఆడబాప. దొర బిడ్డకి పెళ్ళైతే ఆమె వెంట అత్తారింటికి పంపే పనిపిల్ల. సారెలో గిన్నెలు, చీరలు, ఒక పిల్ల. సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఇవన్నీ ఉన్నాయి. వెట్టిని నిషేధిస్తూ నిజాం ఫర్మానా 1923లోనే వచ్చింది. కాగితం హైదరాబాద్‌లో ఉండిపోయింది, వెట్టి ఊళ్ళో ఉండిపోయింది.

ఆడబాపని పంపుతున్న రోజు గడీలో ఏమనుకుని ఉంటారు? ఈ పిల్లని అమ్ముతున్నాం అని మాత్రం అనుకుని ఉండరు. మా అమ్మాయికి తోడుగా పంపుతున్నాం, చిన్నప్పట్నుంచి ఇద్దరూ కలిసి పెరిగారు, ఒకరిని విడిచి ఒకరు ఉండలేరు. సరిగ్గా ఇలాంటి మాటలే అనుకుని ఉంటారు. వెల లేని పని చుట్టూ ఎప్పుడూ ప్రేమ మాటలే ఉంటాయి. వెల అడిగితే ప్రేమ లేనట్టు.

ఐలమ్మ ఏం చేసింది? వెట్టికి రానంది. మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకి తీసుకుంది. పంట చేతికొచ్చేసరికి విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి మనుషులు వచ్చారు. సంఘం కార్యకర్తలు కర్రలు పట్టుకుని నిలబడ్డారు. ధాన్యం గడీకి కాకుండా ఆమె ఇంటికి చేరింది. దగ్గర్లోని కడివెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్యని కాల్చి చంపారు, ఆ తర్వాతి కథ మనకి పాఠంలో ఉంది. 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఆ పేరు రోజూ బస్సు బోర్డు మీద చదివే మన తరానికి ఒక్కటి గుర్తు చేయాలి. ఐలమ్మ పోరాడింది శ్రమ పవిత్రం, భూమి అమూల్యం అనే మాటల కోసం కాదు. ఇన్ని బస్తాలు, ఇవి నావి అన్న లెక్క కోసం. వెట్టిలో ఉన్నవాడికి లెక్క కట్టించుకోవడమే మర్యాద.

పాలకుర్తికి ఇంతకన్నా పాత కథ కూడా ఉంది. పాల్కురికి సోమన ఊరది. ఆయన బసవపురాణంలో మడివాలు మాచయ్య అని ఒక చాకలి భక్తుడు వస్తాడు. శివభక్తుల బట్టలే ఉతుకుతాడు, ఇంకెవరివీ ముట్టడు. మతం సంగతి కాసేపు పక్కన పెట్టి చూడండి. ఎవరి బట్టలు ఉతకాలో తానే తేల్చుకునే చాకలి! ఆ కావ్యం రాసిన కవి ఊళ్ళోనే, దాదాపు 700 ఏళ్ళ తర్వాత, ఒక చాకలి స్త్రీ అదే హక్కు కోసం కర్ర పట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు నా మీదికి వచ్చే వాదన ఊహించగలను. నువ్వు స్నేహాన్ని కూడా బిల్లు చేయమంటున్నావా? ఫ్రెండ్ ఆస్పత్రికి తోడొస్తే గంటకింత అని ఇవ్వాలా?

అక్కర్లేదు. దానికీ జవాబు అదే మండలంలో ఉంది. పాలకుర్తికి దగ్గర్లోనే బమ్మెర, పోతన ఊరు. భాగవతంలో కుచేలుడి కథ తెలియని తెలుగువాళ్ళు ఉండరు. చిన్ననాటి స్నేహితుడి దగ్గరికి చిరిగిన బట్టతో, కొంగున ఇన్ని అటుకులతో వెళ్తాడు. కృష్ణుడు గుప్పెడు తింటాడు, రెండో గుప్పెడు తీసుకోబోతే రుక్మిణి చెయ్యి పట్టుకుంటుంది. కుచేలుడు ఏమీ అడక్కుండా తిరిగొస్తాడు. ఇంటికొస్తే గుడిసె బదులు మేడ ఉంటుంది. రాకుమారి ట్వైలైట్ చట్టం ప్రకారం ఇది దారుణమైన మార్పిడి. గుప్పెడు అటుకులకి మేడా? రద్దు చేయాలి. కానీ ఎవరూ రద్దు చేయమనరు. ఎందుకంటే అక్కడ తూకమే లేదు. ఇచ్చినవాడు తనది ఇచ్చాడు, తన ఇష్టంతో ఇచ్చాడు. తీసుకున్నవాడు ఇంకొకరిని తెచ్చి తక్కెడలో పెట్టలేదు. ఎవరు ఎక్కువ ఇచ్చారన్న దానితో స్నేహం నిలబడదు, ఎవరిది ఎవరు ఇచ్చారన్నదే చూడాలి. కుచేలుడు తన అటుకులు ఇచ్చాడు. డాష్ ఫ్లటర్‌షైని ఇచ్చింది.

కాబట్టి ఒక లెక్కలో నాకు డబ్బు మీద కోపం లేదు, వస్తుమార్పిడి మీద మోజూ లేదు. మనలో చాలామందికి ఆ మోజుంది. వెనకటికి ఊళ్ళో డబ్బే లేదు, అందరూ ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు, ఎంత ప్రేమగా ఉండేవాళ్ళో అని మాదాపూర్‌లో కాఫీ తాగుతూ చెప్పుకుంటాం. ఐస్‌ఫ్రూట్‌కి దోసెడు వడ్లు, పాత చీరకి స్టీలు గిన్నె, ఇవి బాగానే ఉన్నాయి. ఇద్దరూ బేరమాడొచ్చు, నచ్చకపోతే వద్దనొచ్చు. కానీ ఊరి మార్పిడి అంతా అలాంటిది కాదు. పుట్టుకతోనే ఒకడు ఉతికేవాడు, ఇంకొకడు కొలిచేవాడు అయినప్పుడు వద్దు అనే మాటకి అక్కడ చోటు లేదు. డబ్బు లేని ఆదిమ వస్తుమార్పిడి సమాజం అచ్చంగా ఎక్కడా కనబడలేదని మానవశాస్త్రవేత్త కెరోలిన్ హంఫ్రీ 1985లోనే రాసింది. డేవిడ్ గ్రేబర్ 2011లో అప్పు చరిత్ర మీద పెద్ద పుస్తకమే రాశాడు. మనం కలగంటున్న ఆ ప్రేమ సంత అక్కడా లేదు, ఇక్కడా లేదు.

ఇదంతా పాత కథ అనుకుంటే మన సాహిత్య లోకం చూడండి. కవిత్వ సంపుటి వేస్తున్నాం, కవర్ డిజైన్ చేసిపెట్టు, ఫ్రెండ్‌వి కదా. ప్రూఫులు ఒకసారి చూడు, నీ కన్నంత కన్ను ఇంకెవరికుంది. ఇంగ్లీషులోకి అనువాదం చెయ్యి, నీకూ పేరొస్తుంది. ప్రింటర్‌కి డబ్బులిస్తాం, హాలుకి అద్దె కడతాం, శాలువాలు కొంటాం. ఫ్రెండ్‌కి మాత్రం కృతజ్ఞతల పేజీలో ‘వారి స్నేహం అమూల్యం’ అని రాస్తాం. తనకి ఇష్టమై చేసి ఉంటే అది అటుకులే, నాకేం పేచీ లేదు. కానీ తను వద్దనగలిగే పరిస్థితిలో ఉందా? వద్దంటే స్నేహం మిగులుతుందా? ఇంకా ఘోరం, మా ఫ్రెండ్ ఉంది, ఆమె చేసిపెడుతుంది అని ఆమెని అడక్కుండానే మూడో మనిషికి మాటిచ్చేయడం. ఇది డాష్ చేసిన పనికి అచ్చు కాపీ. మనం పుస్తకం కోసమే చేస్తాం కూడా.

ఆ ఎపిసోడ్‌లోనే ఇంకో జంట ఉంది, యాపిల్‌జాక్, రేరిటీ. ఇద్దరూ సామాన్లు కలిపి సంతకొస్తారు, తీరా ఎవరికి కావాల్సింది కొనాలన్న దగ్గర గొడవ. నిజమైన ఫ్రెండ్‌వైతే నాకోసం వదులుకునేదానివి అన్న వరస. ఈ మాట ఎప్పుడు వినబడినా, స్నేహాన్నే సంతలో సరుకుగా పెట్టారని అర్థం. అభిమానులు ఆ గొడవని హాస్యం కింద చూస్తారు. నాకది ఎపిసోడ్ మొత్తంలో నిజాయితీ ఉన్న భాగం. కనీసం వాళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడి బేరమాడుకున్నారు.

డాష్‌ని క్షమించాలా వద్దా అన్నది నాకు ముఖ్యం కాదు. క్షమించే హక్కు ఫ్లటర్‌షైది. నాకు కావాల్సింది తీర్పు మార్చడం. స్నేహితురాలికి సరితూగే వస్తువు లేదు కాబట్టి కాదు, ఆమెని ఇచ్చే అధికారం నీకు లేదు కాబట్టి ఈ మార్పిడి చెల్లదు అనాలి. మొదటి తీర్పు ఇస్తే రేపు ఇంకా పెద్ద వస్తువు తెచ్చేవాడు ఒకడు దొరుకుతాడు. రెండో తీర్పు ఇస్తే తక్కెడే ఎత్తేయాలి.

ఈసారి ఎవరినైనా నువ్వు మాకు అమూల్యం అనాలనిపిస్తే, దానికి ముందు రెండు ప్రశ్నలు అడగండి. నీకు కుదురుతుందా? ఎంత ఇవ్వమంటావు? ఊరికే చేస్తానని ఆమె అంటే అది ఆమె ఇష్టం. ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి.