కిరాయి హలాల్, మరి ‘లీజు’?

మొదటిసారి ఇల్లు కిరాయికి ఇచ్చేవాడికి మన మొహల్లాల్లో దొరికే సలహా ఒకటే: “లీజుకిచ్చేయ్ భాయ్. ఐదు లక్షలు ఒకేసారి చేతికొస్తాయి, నెలనెలా అడిగే పరేషాన్ ఉండదు.” పోయినేడు పై పోర్షన్ వేసినప్పుడు నాకూ చెప్పారు. నేను నెల కిరాయికే ఇచ్చాను, రెండు నెలల అడ్వాన్సుతో.

ఆ ఐదు లక్షలు అడ్వాన్సు కాదు జనాబ్, ఖర్జ్. ఖాళీ చేసేరోజు పైసాతో సహా వాపస్ ఇవ్వాల్సిందే. అప్పిచ్చినవాడు అందుకు బదులుగా నా ఇంట్లో ముఫ్త్‌గా ఉంటే, ఆ మాఫ్ అయిన కిరాయే సూద్. ఉలమాల్లో ఎక్కువమంది చెప్పేదీ ఇదే. బ్యాంకు వడ్డీ పేరెత్తితే తౌబా తౌబా అనే హజ్రత్‌లకు ఇది ఎలా మింగుడుపడుతోంది? “ఇద్దరికీ రజామందీ ఉంది కదా” అంటారు. రజామందీ వడ్డీ వ్యాపారి దగ్గర లేదా ఏమిటి!

పేరుకు లీజు, నిజానికి తాకట్టు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇలాంటి స్వాధీన తనఖాకు రిజిస్ట్రీ కావాలి. మనవాళ్లు స్టాంపు కాగితంతో సరిపెడతారు. సొమ్ము స్లాబులోకో, బిడ్డ షాదీకో పోతుంది. గడువు తీరాక కిరాయిదారు అడిగితే, “కొత్తవాళ్లు దొరకనీ, వాళ్లిచ్చాక ఇస్తా.” అతను ఆ ఐదు లక్షలు కూడబెట్టడానికి దుబాయ్‌లో ఎన్నేళ్లు పడ్డాడో!